కదలంగడి నిలిచిన వీధి

సోమవారం తెల్లవారగానే సత్యవేణి మ్యాచింగ్ సెంటర్ తన చక్రాల మీద బయల్దేరింది. అరల్లో లైనింగ్ తానులు, ఫాల్స్ చుట్టలు, జాకెట్టు గుడ్డలు మెల్లగా ఊగుతున్నాయి. కౌంటరు వెనక పీట మీద కూర్చున్న సత్యవేణి, గ్లాసులో టీ ఒలక్కుండా పట్టుకుని వెనక్కి పోతున్న వీధుల్ని చూస్తోంది. ముందు పచారీ కొట్టు, దాని వెనక చెప్పుల కొట్టు, ఆ వెనక మందుల షాపు, అన్నీ ఒక వరసలో సాగుతూ, మలుపు వచ్చినప్పుడల్లా ఒక్కోటి విడిపోయి తమ తమ వీధుల్లోకి తిరిగిపోయాయి. సాగరగిరి పట్నంలో వారం మొదలయ్యేది ఇలాగే.

"ఈ వారం మీ తావు మొగలిపూల కాలనీ, మూడో వీధి మొదలు," అంది పైనున్న స్పీకరులోంచి తావరి. "ఆ చుట్టుపక్కల చాలా ఇళ్లలో పెళ్లి పనులు మొదలయ్యాయి. మీ సరుకు అమ్మేవారు దగ్గర్లో లేరు."

"అలాగేనమ్మా," అంది సత్యవేణి. తావరికి బదులు చెప్పనక్కర్లేదు. ఎవరూ చెప్పరు కూడా. ఆవిడ మాత్రం చెబుతుంది.

పట్నంలో ఏ కొట్టు ఏ చోట నిలబడాలో తేల్చే యంత్రబుద్ధి పేరు తావరి. వీధుల కింద పరిచిన అడుగుపట్టీలు జనం ఎటు నడుస్తున్నారో, ఎక్కడ ఎంతసేపు ఆగుతున్నారో దానికి తెలియజేస్తాయి. ఎవరింట్లో ఏది నిండుకుంటోందో, ఏ వీధికి ఏది అవసరం కాబోతోందో ముందే పసిగట్టి, దానికి తగ్గ కదలంగడిని అక్కడికి పంపుతుంది. కొనేవాడు కొట్టు వెతుక్కుంటూ పోయే కాలం పోయింది. కొట్టే వాడి వీధి చివరకొచ్చి నిలబడుతుంది.

తావరి రాకముందు సత్యవేణి, ఆవిడ భర్త జోగినాయుడు ఫ్లైఓవరు కింద ఒక గదిలో ఇదే వ్యాపారం చేశారు. సరుకు మంచిది, మాట మంచిది, చోటే కలిసిరాలేదు. పైన వేల బండ్లు పోతుండేవి, కింద ఒక్క మనిషి ఆగేవాడు కాదు. పొద్దున షట్టరు ఎత్తడం, సాయంత్రం దించడం, మధ్యలో తానుల మీద దుమ్ము దులపడం. జోగినాయుడు ఆ దిగులుతోనే మంచం పట్టి పోయాడు. తర్వాత తావరి సంస్థవాళ్లు కొట్టు మూసుకున్నవాళ్లందరికీ కదలంగళ్లు ఇచ్చారు. తావరి ఆవిడ కొట్టును మొట్టమొదట నర్సింగు కాలేజీ హాస్టలు గేటు ముందు నిలబెట్టింది. ఆ రోజు పొద్దుపోయేదాకా ఆవిడకి తీరిక దొరకలేదు. ఆ రాత్రి స్పీకరు పెట్టె కింద నిలబడి చేతులు జోడించింది. అప్పటినుంచి తావరిని ఎవరేమన్నా ఒప్పుకోదు.

అనేవాళ్లూ లేకపోలేదు. తావరి రెండు కొట్లను పక్కపక్కన ఎన్నడూ నిలబెట్టదు, ఒకదాని గిరాకీ ఇంకొకటి తినేస్తుందని. జనం అవసరానికి మించి నడిచే పనీ పెట్టదు. దాంతో బజారన్నది మాయమైపోయింది. గుమ్మం దిగి, కావలసింది తీసుకుని, మళ్లీ గుమ్మం ఎక్కేస్తారు. పక్కవీధి వాళ్ల ముఖాలు కూడా ఎరగరు.

సత్యవేణికి ఆ సోమవారం ఇవేవీ పట్టలేదు. ఆవిడ భయం వేరే. వానాకాలంలో వచ్చిన జ్వరం పోతూపోతూ కంటి నరాల్ని వాచేలా చేసింది. చూపు బాగానే ఉంది, రంగులు పోయాయి. ఎరుపూ పచ్చా రెండూ ఒకే బురద రంగులో కనిపిస్తున్నాయి. "మందులు వాడండమ్మా. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు," అన్నాడు డాక్టరు. రంగుకి రంగు కలిపి ఇచ్చే కొట్టు నడిపే మనిషికి ఇంతకంటే ఏం కావాలి!

ఎవరికీ చెప్పలేదు. సరుకు ఎక్కువగా వెనక్కి వచ్చే కొట్టుకి తావరి తావు తీసేస్తుంది. రంగుపలుకు అద్దాలు కొని పెట్టుకుంది. అవి గుడ్డను చూసి చెవిలో రంగు పేరు చెబుతాయి. మామూలు నూలుగుడ్డకి పరవాలేదు. పట్టు దగ్గరే తంటా. నిలువు ఒక రంగు, అడ్డం ఒక రంగు నేసిన చీరను కాస్త కదిపితే చాలు, అద్దాలు ఒకసారి నీలం అంటాయి, ఒకసారి పచ్చ అంటాయి, చివరికి ఏమీ అనకుండా ఊరుకుంటాయి.

మొగలిపూల కాలనీలో రెండోరోజు అప్పలనర్సమ్మ వచ్చింది. ఆవిడ రేవులో క్రేన్లు నడిపి రిటైరైన మనిషి. గొంతు పెద్దది. మనవరాలి పెళ్లిచీర నెమలికంఠం రంగుది తెచ్చి కౌంటరు మీద పరిచింది.

"దీనికి సరైన జాకెట్టు గుడ్డ తియ్యమ్మా. అంచుకి కలవాల."

సత్యవేణి అద్దాలు సర్దుకుంది. చీర అంచు వేళ్లతో తడిమింది. చెవిలో అద్దాలు గొణుగుతున్నాయి, నీలం, కాదు పచ్చ, కాదు ఊదా. ధైర్యం చేసి ఒక తాను లాగి పరిచింది.

అప్పలనర్సమ్మ తానుకేసి చూసింది, సత్యవేణి ముఖంలోకి చూసింది.

"ఏటమ్మా ఇది? నెమలికంఠానికి దొండపండు రంగు తీస్తావేటి?"

"కాస్త చీకటిగా ఉంది కదప్పా, లోపల..."

"ఎండ నెత్తిమీద కొడతంటే చీకటంటావేటి?" అప్పలనర్సమ్మ గొంతు తగ్గించింది. "నీ జాకెట్టొక రంగు, చీరొక రంగు. మ్యాచింగ్ సెంటరు మనిషివి, నిన్న కూడా ఇలాగే కట్టావు. నిజం సెప్పు. నీకు రంగులు తెలీటం లేదు కదూ?"

సత్యవేణి తాను మడవబోయి, ఆ గుడ్డమీదే తల వాల్చేసింది. ఇన్నాళ్లూ బిగబట్టినదంతా ఒక్కసారి బయటికొచ్చింది.

అప్పలనర్సమ్మ ఓదార్పు మాటలేవీ ఆడలేదు. కౌంటరు తలుపు తోసుకుని లోపలికొచ్చి, చీర చేత్తో పట్టుకుని అరల ముందు నిలబడింది. తనకు కావలసింది తనే వెతికి తీసుకుంది. తర్వాత వచ్చిన పిల్లకి కనకాంబరం రంగు ఫాల్స్ కూడా తనే తీసిచ్చింది. మధ్యాహ్నం ఇంటికెళ్లి అన్నం తిని మళ్లీ వచ్చింది.

"నువ్వు ధర చెప్పు, గుడ్డ కొలిచి చించు. రంగు సంగతి నేను చూస్తాను," అంది పీట లాక్కుంటూ.

మర్నాడు ఆవిడ ఒక్కతే రాలేదు. ఎదురింటి డెయిజీ టీచరుని వెంటబెట్టుకొచ్చింది. టీచరు అరలన్నిటికీ పేర్లు పెట్టింది. పై వరస ఎరుపులు: కుంకుమ, ఇటుక, బచ్చలిపండు. కింద వరస పచ్చలు: చిలకపచ్చ, మామిడిపిందె. గుడ్డ చోటు తెలిస్తే చాలు, రంగు తెలియకపోయినా చెయ్యి అక్కడికే వెళ్తుంది. మర్నాటికి ఇంకొందరు తోడయ్యారు. చీర తెచ్చినావిడ తనపని చూసుకుని వెళ్లిపోకుండా, పక్కావిడ చీరకు సరిపోయే గుడ్డ వెతికేది. ఇది కాదు అదనీ, కొంచెం ముదురు కావాలనీ వాదించుకునేవాళ్లు. ఆ వాదనల్లో ఎవరి పిల్లకి ఉద్యోగం లేదో, ఎవరి మోకాలు నొప్పిగా ఉందో బయటపడేది. సత్యవేణి టీ కాచి పోసేది.

శనివారానికల్లా కిందటి వారం ఆవిడ కొట్టు నిలిచిన వీధి వాళ్లు కూడా నడుచుకుంటూ వచ్చేశారు. "మీకు ఒంట్లో బాలేదని తెలిసింది. ముందే చెబితే మేం చూసుకునేవాళ్లం కాదూ?" అని కోప్పడ్డారు.

సోమవారం పొద్దున సత్యవేణి టీ గ్లాసు పట్టుకుని పీట మీద సిద్ధంగా కూర్చుంది. చక్రాలు కదల్లేదు.

"మీ తావు మారలేదు," అంది తావరి. "ఇక్కడ నిలకడ చాలా ఎక్కువగా ఉంది."

నిలకడ అంటే తావరి భాషలో మనిషి ఒక చోట ఆగి ఉండే కాలం. ఎక్కువసేపు ఆగాడంటే ఎక్కువ కావాలన్నట్టు. అంత నిలకడ ఉన్నచోట ఇంకా చాలా అవసరాలు ఉండి ఉంటాయని దాని లెక్క. ఆ వారమే ఒక గాజుల కొట్టు వచ్చి కొంచెం దూరంలో ఆగింది. పై వారం పళ్ల కొట్టు. ఆపైన మిఠాయి కొట్టు, పాత్రల కొట్టు, ఎన్నడూ లేనిది పక్కపక్కనే. మూడో వీధి మొదట్లో సాయంత్రమయ్యేసరికి దీపాలు, అరుపులు, పిల్లల ఏడుపులు. జనం గుమ్మాలు దిగి ఊరికే అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టారు. "ఇదే కదూ బజారంటే?" అని ఒక చిన్నపిల్ల డెయిజీ టీచరుని అడిగింది.

సంక్రాంతి దాటాక నౌషీన్ వచ్చింది. తావరి తేల్చిన తావుల్ని స్వయంగా చూసి సరిదిద్దే పరిశీలకురాలామె. తావరికి అర్థంకాని చోట్లకి మాత్రమే మనుషుల్ని పంపుతారు.

"అమ్మా, మీ కొట్టుకి వచ్చేవాళ్లు మూడింతలయ్యారు. కొనేవాళ్లు మాత్రం మామూలుగానే ఉన్నారు," అంది మర్యాదగా. "మిగతావాళ్లు ఎందుకొస్తున్నారు?"

అబద్ధం చెప్పొచ్చు. సత్యవేణి గొంతుదాకా వచ్చింది కూడా. కానీ చుట్టూ తనకోసం చేతుల్లో తానులు పట్టుకుని నిలబడ్డవాళ్లని చూశాక మనసొప్పలేదు. "నాకు రంగులు కనబడవు మేడం. వీళ్లే నాకు రంగులు చూసిపెడుతున్నారు," అంది.

నౌషీన్ ఆ తానుల వంకా, వాటిని పట్టుకున్నవాళ్ల వంకా చూసింది. "సరుకు గుర్తుపట్టలేని వాళ్లకి కొట్టు ఉంచకూడదని నియమం ఉందమ్మా. కొనడానికి రాని అడుగుల్ని గిరాకీగా లెక్కించకూడదని కూడా ఉంది."

"అలాగైతే నా అడుగులు కూడా తీసెయ్ తల్లీ," అంది అప్పలనర్సమ్మ. "నేనీ పీట మీంచి లేవను. లేపుతావా?"

నౌషీన్ నవ్వలేదు, కోప్పడనూ లేదు. "ఈ ఒక్క పూట చూస్తాను," అని ఒక పక్కన కూర్చుంది. కాసేపటికి ఎవరో ఉల్లిపొర రంగు తాను ఆమె చేతిలో పెట్టి, "దీనికంటే లేతది ఆ కింది అరలో ఉంటుంది, చూసిపెట్టమ్మా," అన్నారు. ఆమె వెతికింది. ముందు తీసింది ముదురన్నారు, రెండోది ఒప్పుకున్నారు. సాయంత్రమయ్యేసరికి ఆమె దుపట్టా భుజమ్మీంచి జారి నడుముకు చుట్టుకుని ఉంది.

వెళ్లేముందు స్పీకరు కింద నిలబడి తావరితో మాట్లాడింది. సత్యవేణి గుండె చిక్కబట్టుకుని వింటోంది.

"ఈ అడుగులు కొనడానికి వచ్చినవి కావు. ఆమెకు సాయంగా వచ్చినవి."

"సాయం వాళ్ల అవసరమా, ఆమె అవసరమా?" అడిగింది తావరి.

నౌషీన్ ఆలోచించింది. "ఇద్దరిదీ."

"ఆ రకం గిరాకీ నా దగ్గర లేదు."

"లేకపోతే ఇప్పుడు చేర్చుకో. ఆమె రంగులు గుర్తుపడుతోంది, వీళ్ల కళ్లతో. పరిశీలకురాలిగా నేను ఒప్పుకుంటున్నాను. ఈ తావు ఇలాగే ఉంచు."

"ఉంచాను," అంది తావరి.

సత్యవేణి నౌషీన్ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. "అయ్యో, అదేంటమ్మా," అంటూ ఆ పిల్ల ఆవిడని దగ్గరికి తీసుకుంది.

మాఘమాసపు చివరి రోజుల్లో ఒక ఉదయం సత్యవేణి కొట్టు తుడుస్తూ ఆగిపోయింది. పళ్ల కొట్టు ముందు గంపలో ఏదో వెలుగుతోంది. దగ్గరికెళ్లింది. దానిమ్మ పళ్లు. పక్కన జామకాయలు. రెండూ ఒకటి కావు. ఒకటి ఎరుపు. ఒకటి పచ్చ. చాలాసేపు అక్కడే నిలబడింది. పళ్లాయన ఏం కావాలని అడిగితే, "ఏం వద్దు బాబూ, చూడనీ," అంది.

సంతోషం వెనకే దిగులు కూడా వచ్చింది. ఇక వీళ్లకి ఇక్కడ పనేముంది? తనకి రంగులు ఇంకా తెలియనట్టే ఉంటే? ఆ ఆలోచన వచ్చినందుకు తననే తిట్టుకుంది. సాయంత్రం అందరూ చేరాక చెప్పేసింది. డెయిజీ టీచరు పక్కున నవ్వి, తన చీర కొంగు ముందుకు చాపి, "చెప్పండి చూద్దాం!" అంది. "మెంతి రంగు," అంది సత్యవేణి. ఇంకొకరు, ఇంకొకరు. అందరి చీరల రంగులూ పేరుపేరునా చెప్పింది, ఏడుస్తూ, నవ్వుతూ. మిఠాయి కొట్టాయన అందరికీ తలో లడ్డూ పంచాడు. పొద్దుపోయాక ఎవరిళ్లకి వాళ్లు వెళ్లిపోయారు.

మర్నాడు సత్యవేణి పెందలాడే కొట్టు తెరిచింది. అరలన్నీ తనే సర్దింది. రంగుపలుకు అద్దాలు తీసి డబ్బాలో పెట్టింది. ఇన్నాళ్లకి పని తన చేతుల్లోకి వచ్చింది, ఎవరినీ ఇబ్బంది పెట్టక్కర్లేదు. మంచిదే కదా అనుకుంది. వీధి కేసి మాత్రం చూడకుండా కూర్చుంది.

కౌంటరు తలుపు కిర్రుమంది. అప్పలనర్సమ్మ చేతిలో టిఫిను డబ్బాతో లోపలికొచ్చింది. వెనక డెయిజీ టీచరు, ఆ వెనక పక్కవీధి వాళ్లు.

"కళ్లు బాగయ్యాయని సెప్పాను కదప్పా," అంది సత్యవేణి, తెలియకుండానే ఆవిడ యాసలోకి జారి.

"సెప్పావు. ఇన్నాం. అయితే ఏటంటావు?" అప్పలనర్సమ్మ డబ్బా మూత తీసింది. ఇడ్లీల ఆవిరి తానుల మధ్యకి లేచింది. "జరుగు."

సత్యవేణి జరిగింది.