బ్రెన్నర్ కనుమలో ఒక తొందరపాటు

"రుజువు దొరికాకే సిగ్నల్. అర్థమైందా?" అన్నాడు కమాండర్ స్టూఫర్.

ఏజెంట్ కాసియన్ తలూపాడు. మిషన్ చిన్నదే. ఆల్ప్స్ కొండల్లోని బ్రెన్నర్ కనుమ మీద, నెపోలియన్‌పై తిరగబడ్డ టైరోల్ రైతులు దుంగలు తాళ్ళతో బిగించి, వాటి వెనక బండరాళ్ళు పేర్చారు. అతని ఫ్రెంచి దళం ఇరుకులోకి వచ్చాకే ఆ తాళ్ళు తెగాలి. ముందే తెగితే కనుమ చెయ్యిజారినట్టే. ముందే తెంచడానికి ఎవరో ఫ్రెంచివాళ్ళకి అమ్ముడుపోయారు. అనుమానం సత్రం నడిపే ఫిలోమెనా మీద. వితంతువు, అందగత్తె, ఫ్రెంచి ఆఫీసర్లతో డాన్సులు. కాసియన్ అద్దం మెరిపిస్తే చాలు, ఆమె ఎర్ర శాలువా కొండదారిలో కనపడగానే మనవాళ్ళు కాల్చేస్తారు.

ఫ్రెంచి లెఫ్టినెంట్ వేషంలో కాసియన్ సత్రంలో అడుగుపెట్టేసరికి, ఆమె ఒక కెప్టెన్ మెడ చుట్టూ చేతులేసి నవ్వుతోంది. అతనికి అది చాలింది. పెరట్లోకెళ్ళి అద్దం మెరిపించి వచ్చి, దర్జాగా సూప్ ముందు కూర్చున్నాడు.

మధ్యాహ్నం చర్చి గంట మోగింది. ఆ గంట వింటే టోపీ తీయనివాడు టైరోల్‌లో పుట్టలేదు. కాసియన్ చెయ్యి దానంతటదే లేచింది, పెదవులు ప్రార్థన అందుకున్నాయి. కెప్టెన్ చూపు అతని మీద నిలిచింది.

ఫిలోమెనా వచ్చి అతని వీపున ఒక్కటి చరిచింది. "చూశారా కెప్టెన్ గారూ, మమ్మల్నెలా వెక్కిరిస్తున్నాడో! ఏమయ్యా లెఫ్టినెంటూ, దేవుడితోనా పరాచికాలు? నడు ఇవతలికి!"

కెప్టెన్ పగలబడి నవ్వాడు. ఆమె కాసియన్‌ని వంటింట్లోకి ఈడ్చుకెళ్ళి గొంతు తగ్గించింది. "ఆగస్టులో మంచు."

అది తిరుగుబాటు ప్రధాన శిబిరం కోడ్. కాసియన్‌కి తల కొట్టేసినట్టయింది.

"అమ్ముడుపోయింది గొర్రెలకాపరి యోర్గ్. ఇప్పుడే కెప్టెన్ నోట్లోంచి లాగాను. గొడ్డలి పట్టుకుని పైకెళ్ళాడట. నేనెళ్ళి ఆపుతా," అంటూ శాలువా కప్పుకుంది.

"వెళ్ళకు. నిన్ను కాల్చమని నేనే సిగ్నల్ ఇచ్చాను."

"ఏం చూసి?"

 కాసియన్ ఫ్రెంచి కోటు విప్పి పారేసి తనే కొండెక్కాడు. యోర్గ్ గొడ్డలి ఎత్తిన క్షణాన వాడి నడుం పట్టుకుని కిందపడేశాడు. కాసేపటికి లోయలో డప్పులు వినిపించాయి, దళం ఇరుకులోకి దిగింది, అప్పుడు తెగాయి తాళ్ళు. కనుమ నిలిచింది.

సాయంత్రం ఫ్రెంచివాళ్ళు ఖాళీ చేసిన సత్రంలో స్టూఫర్ అతని భుజం తట్టాడు. "శభాష్! ద్రోహిని భలే పట్టావ్!"

కాసియన్ సిగ్గుతో తలెత్తలేకపోయాడు. "పట్టింది ఆమె. నేను ఆమెనే చంపించబోయాను."

 ఫిలోమెనా అతని గ్లాసు నింపింది.

"ఈసారి అనుమానమొస్తే నన్నే అడుగు నాయనా. నేను అబద్ధమే చెప్తాననుకో. అయినా నువ్వు కనిపెట్టే నిజం కన్నా అదే నయం."