గదిలో ఎవరూ లేరు

ఏసీ కంపెనీ పరీక్ష గది గోడల్ని మే నెల ఎండకు కాగినట్టు ముప్ఫై ఆరు డిగ్రీల దాకా వేడి చేశారు. మధ్యలో మడత మంచం మీద ఎనభై రెండేళ్ల సుభద్రమ్మ కునుకు తీస్తోంది. అద్దానికి ఇవతల నలుగురు ఇంజనీర్లు, వాళ్లకు పెద్ద అయిన డాక్టర్ కమలాకర్, ఆయన పక్కన సుభద్రమ్మ కోడలు హైమావతి నిలబడి చూస్తున్నారు.

పది నిమిషాలు గడిచాయి. గోడకున్న ఏసీ టక్కుమని ఆగిపోయింది. దాని తెర మీద అక్షరాలు వెలిగాయి: "గదిలో ఎవరూ లేరు."

"చదవండి డాక్టర్ గారూ, పైకి చదవండి," అంది హైమావతి.

కమలాకర్ నర్సును లోపలికి పంపాడు.

అది 2044. బెజవాడలో ఎండ నలభై తొమ్మిది దాటుతున్న రోజులు. కరెంటు చాలక, ఏడు స్టార్లున్న ఏసీలకు తప్ప వేరేవాటికి ప్రభుత్వం అనుమతి ఇవ్వడం లేదు. ఆర్టీసీ డిపోలో క్లర్కుగా పనిచేసే హైమావతి మూడు ఆదివారాలు షోరూముల చుట్టూ తిరిగింది. గది టేపుతో కొలుచుకుని టన్ను చాలా, టన్నున్నర కావాలా అని అడిగింది. ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతాయో ప్రతి లేబులూ చదివింది. చివరికి ఈ ఏసీ దగ్గర ఆగింది.

"పాతవి గదంతా చల్లబరుస్తాయండీ," అన్నాడు సేల్స్‌మన్. "ఇది మనిషి ఎక్కడున్నాడో వెతికి అక్కడికే చల్లగాలి పంపుతుంది. ఎవరూ లేకపోతే తనంతట తనే ఆగిపోతుంది."

అతను అబద్ధం చెప్పలేదు. రెండు నెలలు కరెంటు బిల్లు సగానికి సగం తగ్గింది. డిపోలో అందరికీ అదే కొనమని హైమావతే చెప్పింది కూడా.

ఆ తర్వాత ఒక గురువారం మూడున్నరకు ఇంటికొస్తే గది పొయ్యిలా ఉంది. అత్తగారు మంచం మీద స్పృహ లేకుండా పడి ఉంది. ఆమెకు ఎదురుగా ఏసీ, ఎవరూ లేరని రాసుకుని నిశ్చింతగా ఆగి ఉంది. నాలుగు రోజులు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించాక ప్రాణం నిలబడింది. కంపెనీకి ఫోన్ చేస్తే అవతలి గొంతు మర్యాదగా చెప్పింది: "మెషీన్ సరిగ్గానే పనిచేసింది మేడమ్. మా రికార్డు ప్రకారం ఆ టైంలో మీ ఇంట్లో ఎవరూ లేరు."

ఆ మాటను హైమావతి అత్తగారికి చెప్పింది. సుభద్రమ్మ కాస్త కోలుకోగానే, "నన్నే తీసుకెళ్లవే. ఉన్నానో లేనో వాళ్లనే చూసి చెప్పమను," అంది.

"ఎందుకిలా జరిగింది?" అని ఇప్పుడు అద్దం ముందు నిలదీసింది హైమావతి.

"ఒంటి వేడిని బట్టి సెన్సర్ మనిషిని గుర్తుపడుతుందండీ," అన్నాడు కమలాకర్. "గోడలు ఇంచుమించు ఒంటి అంత వేడిగా కాగితే ఆ తేడా తెలియదు. అప్పుడు కదలికనీ ఊపిరినీ చూస్తుంది. పెద్దవాళ్లు నిద్రలో కదలరు. ఊపిరి కూడా తేలిగ్గా ఉంటుంది."

"మీరు పరీక్షించినప్పుడు ఎవర్ని కూర్చోబెట్టారు?"

"మా స్టాఫ్‌నే. పాతికా ముప్ఫై ఏళ్లవాళ్లు."

"నిద్రపోయారా?"

"లేదండీ. ల్యాప్‌టాప్‌లో పని చేసుకున్నారు."

"ఆ సెన్సర్‌ని ఇంకాస్త చురుగ్గా చేయలేరా?"

"చేస్తే కర్టెన్ కదిలినా మనిషే అనుకుంటుంది. కరెంటు ఎక్కువ కాలుతుంది. రెండు స్టార్లు పోతాయి. అనుమతీ పోతుంది."

"అయితే మా అత్తగారి ప్రాణం ఖరీదు రెండు స్టార్లన్నమాట!"

ఇంతలో నర్సు చెయ్యి పట్టుకుని సుభద్రమ్మ బయటికొచ్చింది. కమలాకర్ మొహంలోకి మొహం పెట్టి చూసింది.

"నేను కనిపిస్తున్నానా నాయనా?"

"కనిపిస్తున్నారమ్మా."

"మరి నీకు కనిపించేదాన్ని, నువ్వు చేసినదానికి ఎందుకు కనిపించను?"



హైమావతి వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. అలాంటివే ఇంకో అరవై ఇళ్లు ఆమెతో కలిశాయి. ఏ మనిషినీ లెక్క తప్పించడానికి వీల్లేదని కమిషన్ తీర్పు చెప్పింది. కంపెనీ రెండు నెలల్లోనే ఒక్క స్టారూ పోకుండా మెషీన్‌ని సరిచేసింది. కమలాకర్‌కు సన్మానం కూడా జరిగింది. పేపర్లో హైమావతి ఫోటో పడింది.

కొత్త ఏర్పాటు వచ్చాక మొదటి ఆదివారం. మధ్యాహ్నం సుభద్రమ్మకు అప్పుడే కన్నంటుకుంది.

"గదిలో ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది ఏసీ.

ముసలావిడ ఉలిక్కిపడి లేచింది. "ఉన్నాను," అంది.

చల్లగాలి వచ్చింది. పది నిమిషాలకు మళ్లీ అదే ప్రశ్న. మళ్లీ ఉలికిపాటు. "ఉన్నాను."

నాలుగోసారికి హైమావతి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. మంచం పక్కన కూర్చుని, అత్తగారిని పడుకోమని, మెషీన్ కేసి తనే చెయ్యి ఊపుతూ ఉండిపోయింది. రేపు సోమవారం. డిపోకి వెళ్లాలి.

తిట్టడానికి నోరు తెరిచింది. అప్పుడే కిటికీలోంచి పక్కింటి తాతగారి గొంతు వినిపించింది: "ఉన్నాను." ఎదురింటి మేడ మీద నుంచి ఎవరో ఆడమనిషి నిద్రలో తడబడుతూ అదే మాట అంది. సందు చివరి నుంచి, ఆ వెనక సందులోంచి, ఒకరి తర్వాత ఒకరు, బొంగురు గొంతులతో పెద్దవాళ్లందరూ మెషీన్లకు జవాబు చెబుతున్నారు.

"ఉన్నాను... ఉన్నానయ్యా... ఇంకా ఉన్నాను."