గొర్రె ఇవ్వని ఉత్తరువు

తమిళనాట ధర్మపురి నుంచి చెట్టికరై పోయే దారిలో, ఇప్పటి ఇంజనీరింగ్ కాలేజీ దాటాక, మల్బరీ తోటల మధ్య ఒక పాత పట్టుపురుగుల షెడ్డు ఉండేది. 2008లో అదే మా పరిశోధనశాల. మా ప్రొఫెసర్‌కు బెంగుళూరులో పెద్ద లేబొరేటరీయే ఉంది. కానీ నాకు కావలసింది అప్పుడే కోసిన గొర్రె మెదడు, అది అక్కడ దొరకదు. మాది ఆ జిల్లాలోనే పెరియంపట్టి ఊరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, తాతల నాటి నుంచి గొర్రెలు. అందుకని ఆ షెడ్డు అద్దెకు తీసుకుని, పురుగుల తట్టలు పేర్చే చోట సూక్ష్మదర్శిని పెట్టుకున్నాం. ఎంత కడిగినా అక్కడి పచ్చి ఆకు వాసన మాత్రం పోలేదు. కొన్నాళ్లకు పట్టించుకోవడం మానేశాను.

నా పేరు తెన్మొళి. నేను చదివేది వణుకు గురించి. నవ్వేవాళ్లు నవ్వవచ్చు, మా ఇంట్లో ఎప్పుడో నవ్వేశారు. మెడ మీద ఒక చల్లటి చుక్క పడితే ఒళ్లంతా ఎందుకు జలదరిస్తుంది? చర్మంలో చలిని పట్టే గ్రాహకాలు ఉంటాయి. అవి పంపిన కబురు మెదడు లోతుల్లో ఉన్న గుప్పెడు నాడీకణాలకు చేరుతుంది. అవి ఒకదాన్నొకటి తట్టి లేపుకుంటూ పోయి, చివరికి కండరాలను కదిలిస్తాయి. ఆ దారిలో ఏ కణం తర్వాత ఏ కణం మేలుకుంటుందో కనిపెట్టడం నా పని.

చేసే విధానం చెబుతాను, ఎందుకంటే తర్వాత జరిగింది అర్థం కావాలంటే ఇది తెలియాలి. మెదడులో ఆ భాగాన్ని కాగితమంత పల్చగా కోసి, ఒక గాజు గిన్నెలో ఉప్పు ద్రవం పోసి అందులో ఉంచుతాం. ద్రవంలోకి ఆక్సిజన్ బుడగలు వదులుతూ ఉంటే ఆ ముక్క కొన్ని గంటలు బతికే ఉంటుంది. గొర్రె పోయినా ముక్క బతికి ఉంటుంది. వెంట్రుక కన్నా సన్నటి గాజు సూదిని ఒక కణానికి ఆనిస్తే, ఆ కణం మేలుకున్నప్పుడల్లా స్పీకరులో ‘టప్’ మని వినబడుతుంది. చలిని పట్టే గ్రాహకాలు ఆ కణాలకూ సొంతంగా ఉంటాయి కాబట్టి, గిన్నెలో చల్లటి చుక్క వేస్తే చాలు, పేలాలు వేగినట్టు టపటపా మోగిపోతుంది.

సూదులు, స్పీకర్లు, కరెంటు పోతే నడిపించే బ్యాటరీలు అన్నీ మోహన్‌రాజ్ చూసుకునేవాడు. మోహన్‌రాజ్ మా వెంకటేశప్ప మామ కొడుకు, నాకు బావ. తై నెలలో, అంటే సంక్రాంతి వెళ్లాక, మా పెళ్లి అని పెద్దవాళ్లు తాంబూలాలు కూడా మార్చుకున్నారు. బావ బంగారంలాంటి మనిషే. ఒకటే లోటు, ఎదురుచూడమంటే మాత్రం ఆయన ఒంటికి పడదు.

గొర్రెలు మామవి. ఎదురుచూడడమంటే మామదే. మా ఇళ్లలో గొర్రెను కోసే ముందు దాని మెడ మీద, వీపు మీద పసుపు నీళ్లు చల్లి నిలబడతారు. గొర్రె తనంతట తాను ఒళ్లంతా ఒకసారి విదిలించుకోవాలి. దాన్నే ఉత్తరువు అంటారు. గొర్రె ఒప్పుకుందని అర్థం. అప్పుడు మామ దాని మెడ మీది బొచ్చును రెండు వేళ్లతో పాపిడి తీసినట్టు విడదీసి, ఆ తర్వాతే కత్తి అందుకుంటాడు. విదిలించకపోతే మళ్లీ చల్లుతాడు. మళ్లీ నిలబడతాడు. వీపు తడి ఆరిపోయినా అది కదలకపోతే మందలోకి వదిలేస్తాడు. ఇక దాని జోలికి ఎవరూ పోరు.

“మామా, అది ఉత్తరువూ కాదు ఏమీ కాదు. చర్మంలో గ్రాహకం” అనేదాన్ని నేను.

“అట్లనా అమ్మీ? అయితే నువ్వు చదివేదీ నేను చూసేదీ ఒకటే. నేను సుమ్మా, ఊరికే నిలబడి చూస్తాండా, నువ్వు పట్టా తెచ్చుకుంటాండావు” అనేవాడు మామ. నవ్వుకునేవాళ్లం.

కార్తీక మాసం, ముసురు పట్టిన రోజు. నెలాఖరుకు షెడ్డు ఖాళీ చేయాలి. అప్పటిదాకా పెట్టిన ముక్కలన్నీ సగంలోనే చచ్చి ఊరుకున్నాయి. ఒక్క మంచి రికార్డింగు రాకపోతే నా చదువు మొత్తం నీళ్లపాలే. మధ్యాహ్నం మామ ఒక ముసలి గొర్రెను తోలుకొచ్చాడు. నల్లది, నుదుట తెల్ల చుక్క. షెడ్డు వెనక పంచలో నిలబెట్టి నీళ్లు చల్లాడు.

అది కదల్లేదు.

మళ్లీ చల్లాడు. ఈగలు వాలినా దాని చర్మం కదల్లేదు. చూపు మాత్రం బావ మీదే పెట్టుకుని నిలబడింది. ఇక్కడ బకెట్లో నా మంచు కరిగిపోతోంది. మెదడు తీసిన వెంటనే మంచులో పడకపోతే ఎందుకూ పనికిరాదు. చూస్తుండగానే దాని వీపు ఆరిపోవచ్చింది.

“ఇది ఒప్పుకోదు అబ్బీ. వదిలేస్తాము” అన్నాడు మామ.

బావ సిరంజిలోకి మంచునీళ్లు లాగి, గొర్రె చెవిలోకి చిమ్మాడు. అది తల నుంచి తోక దాకా విదిలించుకుంది.

“వచ్చినాది నాయినా! ఇంక కానీ.”

“అది ఇచ్చినాది కాదు అబ్బీ. నువ్వు గుంజుకున్నావు.”

“గుంజుకుంటే ఏమి, ఇస్తే ఏమి? మెదడుకు రెండూ ఒకటే. కావాలంటే తెన్మొళిని అడుగు.”

మామ నా వైపు చూశాడు. నేను అవునన్నట్టు తలూపాను. శాస్త్రం ప్రకారం అది నిజం కూడా. పిల్లల చదువు పాడైపోతుందనే మామ కత్తి పట్టాడు. రెండు వేళ్లతో బొచ్చు విడదీశాడు. పని అయ్యాక “దీని మాంసం మన ఇంటికి రాకూడదు” అని, చేతులు కూడా కడుక్కోకుండా వానలో వెళ్లిపోయాడు.

పొద్దు వాలింది. ముక్క చక్కగా వచ్చింది. సూక్ష్మదర్శినిలో కణాలు నిండుగా మెరుస్తున్నాయి. సూది ఆనించి, చల్లటి చుక్క వేశాను.

స్పీకరు మోగలేదు.

ఇంకో కణం పట్టుకున్నాను. ఇంకో చుక్క. లేదు. కణం బతికే ఉంది, గ్రాహకాలు ఎక్కడికీ పోలేదు, అయినా జవాబు లేదు. చచ్చిన కణం మూగగా ఉండడం వేరు. ఇది మొండికేసినట్టుగా ఉంది. నాకు పంచలో నిలబడిన గొర్రె గుర్తుకొచ్చింది. ఛీ అనుకున్నాను.

అప్పుడే కరెంటు పోయింది. ఆ కాలంలో అది మామూలే. బ్యాటరీ అందుకుంది. పరికరాల ఎర్ర దీపాలు తప్ప షెడ్డంతా చీకటి. రేకుల మీద వాన. సిలిండరు నుంచి గిన్నెలోకి బుడగల చప్పుడు. పచ్చి ఆకు వాసన... దాని కిందుగా ఇంకేదో వాసన. తడిసిన బొచ్చు వాసన.

టపటపటపటప...

స్పీకరు ఒక్కసారిగా మోగి ఆగింది.

“ఏమి వేసినావు?” అన్నాడు బావ. నాకు వీపు పెట్టి స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

“నేనేమీ వేయలేదు.”

“అబ్బ... కప్పు కారతాంది.” మెడ తుడుచుకున్నాడు.

టార్చి వేసి పైకి చూశాను. మేము కూర్చున్న చోట రేకుల కింద చాపలు కొట్టి ఉన్నాయి. చాపలు పొడిగా ఉన్నాయి. టార్చి దించి బావ చేతి మీద వేశాను.

చేయి పచ్చగా ఉంది. పసుపు వాసన గుప్పుమంది.

టపటపటపటప...

ఈసారి కళ్లారా చూశాను. ముందు స్పీకరు మోగింది. ఆ తర్వాతే బావ మెడ మీద నీళ్లు పడ్డాయి. చుక్క కూడా కాదు, చేత్తో చల్లినట్టు. చర్మం మీద నీళ్లు పడక ముందే, గిన్నెలోని ఆ ముక్కకు తెలుసు.

తర్వాత నిశ్శబ్దం. ఎవరో నిలబడి ఉన్నారు. కనిపించలేదు, కానీ ఉన్నారు. ఆ నిలబడే తీరు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. తొందర లేదు. కోపం లేదు. నీళ్లు చల్లి, నిలబడి, చూడడం... మామ చూసినట్టే చూడడం.

టార్చి బావ మెడ మీదికి తిప్పాను.

“బావా... విదిలించద్దు.”

“ఏమి?”

“ఒళ్లు విదిలించద్దు. వణకద్దు. అడుగుతాంది... ఉత్తరువు అడుగుతాంది.”

ఆయన ఎగతాళి చేయలేదు. ఎంత చదువుకున్నా ఆ ఇంటి బిడ్డే కదా. దవడ బిగించి, రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు. టార్చి వెలుతురులో ఆయన మెడ మీది వెంట్రుకలు నిక్కబొడుచుకుంటున్నాయి. చర్మం కింద చిన్న చిన్న అలలు లేస్తున్నాయి. అది మొదలు. తర్వాత ఏమవుతుందో లోకంలో అందరికన్నా నాకే బాగా తెలుసు. వణుకును ఆపుకోవడం మనిషి చేతిలో లేదని ఇన్నేళ్లుగా రాస్తున్నది నేనే.

“తడి ఆరేదాకా... అంతే. ఆరిపోతే వదిలేస్తుంది బావా. ఓర్చుకో.”

నా చున్నీతో ఆయన మెడ తుడిచాను. పొడిగా అయింది. చూస్తుండగానే మళ్లీ తడి ఊరింది. బయట వాన. గాలి నిండా తేమ. ఈ తడి ఎప్పటికి ఆరుతుంది?

టపటపటపటప...

“తెన్మొళీ... నా చేత కాదే...” పళ్ల మధ్య నుంచి వచ్చింది మాట. భుజాలు బిగుసుకుపోయాయి.

గిన్నె వైపు చూశాను. అది మూలం. అది బతికి ఉన్నంతసేపు ఇది ఆగదు. కంప్యూటరు మీద ఆకుపచ్చ గీత ఎగిసి పడుతోంది. ఏ కణం తర్వాత ఏ కణమో, నేను వెతికిన దారి మొత్తం అక్కడే ఉంది, రికార్డవుతోంది. ఇంకాసేపు ఉంచితే నా చదువు గట్టెక్కుతుంది. అబద్ధం ఎందుకు, ఆ ఆలోచన నాకు వచ్చింది. వచ్చినందుకు నా మీద నాకే రోత పుట్టింది.

టీ కోసం తెచ్చుకున్న వేడినీళ్ల ఫ్లాస్కు అందుకుని, మూత తీసి, మొత్తం గిన్నెలో కుమ్మరించాను.

ఆవిరి లేచింది. గులాబీ రంగు ముక్క ఉడికిన గుడ్డులా తెల్లబడి ముడుచుకుపోయింది. ఆకుపచ్చ గీత చదునుగా పడుకుంది. సిలిండరు కట్టేశాను. బుడగలు ఆగాయి.

వాన చప్పుడు ఒక్కటే మిగిలింది.

బావ మెడ మీద చేయి పెట్టి చూశాను. పొడిగా, వెచ్చగా ఉంది. ఆయన బల్ల వదిలేసి మెల్లగా ఊపిరి తీసుకున్నాడు.

“పోయిందా?”

“పోయింది.”

“నేను కదల్లేదు.”

“కదల్లేదు బావా. చూస్తూనే ఉన్నా.” నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆయన వీపుకు తల ఆనించి అలాగే వంగి నిలబడ్డాను. జడ ముందుకు జారింది.

నా మెడ మీద చల్లగా పడింది.

ఆలోచన వచ్చే లోపలే అయిపోయింది. మెడ నుంచి కాళ్ల దాకా, ఒక్కసారి, ఒళ్లంతా...

స్పీకరులో ‘టప్’ మంది. ఒక్కటే.

ఉడికిపోయిన మాంసంలో సూది. బుడగలు లేవు. అయినా మోగింది. ఆ తర్వాత తడి బొచ్చు వాసన దానంతట అదే తగ్గిపోయింది, పని అయినవాళ్లు లేచి వెళ్లిపోయినట్టు. కాసేపటికి కరెంటు వచ్చింది.

బావకు ఆ చివరి చప్పుడు వినబడలేదు. నేను చెప్పలేదు. ఏమని చెప్పను? ఆ రికార్డింగుతోనే నా పరిశోధన ముగిసింది. చివరి గీత గురించి అడిగితే యంత్రం తప్పని రాసుకున్నాను. తై నెలలో పెళ్లయింది. పెళ్లికూతురి స్నానానికి పసుపు నీళ్లు పోసేటప్పుడు మామ అటు తిరిగి నిలబడ్డాడు. ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు. “మామా, ఉత్తరువు ఇచ్చినాక దాన్ని వెనక్కి తీసుకోవచ్చునా?” అని ఆ తర్వాత ఒకసారి అడిగాను. ఆయన నా మొహం చూసి, మందలోకి పోయాడు.

అప్పటి నుంచి రోజూ జడ గట్టిగా అల్లుకుని, మెడకు చున్నీ చుట్టుకుని పడుకుంటాను. ఇన్నాళ్లూ ఏమీ జరగలేదు.

ఈ రోజు తెల్లవారి లేచేసరికి చున్నీ మడత పెట్టి దిండు పక్కన ఉంది. జడ భుజం మీదుగా ముందుకు తీసి ఉంది. బావ అటు తిరిగి గాఢంగా నిద్రపోతున్నాడు. చేయి వెనక్కి పెట్టి మెడ తడుముకున్నాను. మెడ మీది సన్నటి వెంట్రుకలు అటు కొన్ని, ఇటు కొన్ని, పాపిడి తీసినట్టు విడదీసి ఉన్నాయి. మధ్యలో రెండు వేళ్లు పట్టేంత చోటు తడిగా ఉంది.