వెనక సీట్లో కాఫీ డబ్బా

"మా ఆయన్ని ఎవరో ఎత్తుకుపోయారు!"

గుమ్మంలో నిలబడ్డ పెద్దావిడ ఆ మాట అనేసరికి హాలిస్ చేతిలోని కాఫీ ఒలికింది. ప్రైవేట్ డిటెక్టివ్ అడీలా ప్రూయిట్ మాత్రం కుర్చీ ముందుకు జరిపి, "కూర్చోండమ్మా. ఆయన పోయి ఎన్నాళ్ళయింది?" అంది.

"పోయారని మీకెలా తెలుసు?"

"మీ మెడలో గొలుసుకి మగవాళ్ళ పెళ్ళి ఉంగరం వేలాడుతోంది."

ఇన్నేళ్ళుగా ఆమె దగ్గర అసిస్టెంటుగా ఉన్నా, హాలిస్‌కి ఇలాంటప్పుడు ఒళ్ళు పులకరిస్తూనే ఉంటుంది.

ఆవిడ పేరు బర్నీస్. భర్త ఎడ్ చితాభస్మం ఒక ఎర్ర కాఫీ డబ్బాలో ఉంది. టెనెసీలో ఒక కొండ మీద, పెళ్ళయిన కొత్తలో ఆయన తనకి సూర్యాస్తమయం చూపించిన చోట దాన్ని గాలిలో కలపాలి. రేపు వాళ్ళ పెళ్ళిరోజు. పొద్దున్నే కూతురితో, మరిదితో కలిసి న్యూజెర్సీలో బయల్దేరి పెన్సిల్వేనియా, మేరీలాండ్, వెస్ట్ వర్జీనియా దాటి ఈ వర్జీనియా ఊరికి చేరారు. ఎదురుగా ఉన్న మోటెల్లో దిగి చూసుకుంటే డబ్బా లేదు.

"వెనక వరుసలో సీటు బెల్టు పెట్టి మరీ కూర్చోబెట్టాను," అందావిడ ముక్కు తుడుచుకుంటూ. "బెల్టు లేకపోతే ఆయన ఊరుకునేవారు కాదు. రేపు ఏ మొహం పెట్టుకుని ఆ కొండెక్కను?"

మోటెల్ ముందు పాత వ్యాను ఆగి ఉంది. పక్కనే గట్టు మీద బర్నీస్ కూతురు జనీన్ దిగాలుగా కూర్చుంది. ఎడ్ తమ్ముడు వాల్ట్, అరవై దాటిన మనిషి, తిండి పెట్టుకునే ఐసు పెట్టె మీద గుడ్లు పొదిగే కోడిలా కూర్చున్నాడు. అతని ప్యాంటు మోకాళ్ళ దాకా ఎండిన బురద.

నంబరు ప్లేటు చూసి హాలిస్ నవ్వాడు. "న్యూజెర్సీ బండి! మీ దగ్గర పెట్రోలు ఎవరిది వాళ్ళు పోసుకోకూడదట కదా?"

"చట్టమయ్యా అది. బంకువాళ్ళే పోయాలి," అన్నాడు వాల్ట్. "మంచులో కూడా దర్జాగా బండిలోనే కూర్చుంటాం. మీరేమో దిగి గడ్డకడతారు."

అడీలా వ్యానులోకి వంగి చూసింది. ఖాళీ సీటుకి బెల్టు పెట్టే ఉంది. తాళం తిప్పితే పెట్రోలు ముల్లు అట్టడుగున వాలి ఉంది. హాలిస్ కూడా చూశాడు గాని, అందులో వింతేమీ కనిపించలేదు.

"డబ్బాని చివరిసారి ఎక్కడ చూశారు?"

"వెస్ట్ వర్జీనియాలో," అంది జనీన్. "భోజనానికి అమ్మా నేనూ హోటల్లోకి వెళ్ళాం. పెట్రోలు పోయించుకొస్తానని బాబాయ్ బండి తీసుకెళ్ళి చాలాసేపటికి వచ్చాడు. తర్వాత నేను నిద్రపోయాను, వెనక్కి చూడలేదు."

"బంకులోనే పోయుంటుంది," అన్నాడు వాల్ట్ గబగబా. "నేను దిగనే లేదు. అద్దం దించి నింపమన్నాను, అక్కడి మనిషి పోశాడు. వాడే వెనక తలుపు తీసుంటాడు."

"ఆ పెట్టెలో ఏముంది?"

"అమ్మ చేసిన గుడ్డు శాండ్‌విచ్‌లు," అంది జనీన్. "మధ్యాహ్నం నుంచీ మూత తీయనివ్వడు. ఇక్కడికొచ్చాక ఆకలంటే, అవి పాడయ్యాయని బర్గర్ కొనిచ్చాడు. ఐసులో పెట్టినవి ఎలా పాడవుతాయి బాబాయ్?"

వాల్ట్ పెట్టె మీద ఇంకాస్త సర్దుకుని కూర్చున్నాడు.

అడీలా అందర్నీ దగ్గరికి పిలిచింది.

"వాల్ట్ గారూ, వెస్ట్ వర్జీనియాలో మీరు అద్దం దించుకుని చీకటిపడేదాకా కూర్చున్నా ఎవరూ రారు. అక్కడ ఎవరి పెట్రోలు వాళ్ళే పోసుకోవాలి. జన్మలో ఎప్పుడూ పోసుకోలేదు కాబట్టి మీకు ఆ సంగతి తట్టలేదు. మధ్యాహ్నం ట్యాంకు నింపి ఉంటే ముల్లు అప్పుడే అడుక్కి రాదు. అంటే మీరు బంకుకి వెళ్ళలేదు. మోకాళ్ళ దాకా ఆ బురద చూస్తే, దారిలో నదిలోకి దిగారు. కానీ అన్నయ్యని నదిలో కలపలేదు. కలిపి ఉంటే ఆ పెట్టెకి ఇంత కాపలా ఎందుకు? లేవండి."

వాల్ట్ మెల్లగా లేచాడు. జనీన్ మూత తీసింది. శాండ్‌విచ్‌ల మధ్య, మంచు చెమ్మ పట్టి, ఎర్ర కాఫీ డబ్బా.

"ప్రతి వేసవీ అన్నయ్యా నేనూ ఆ పొటోమాక్ నదిలో చేపలు పట్టేవాళ్ళం," అన్నాడు వాల్ట్ తల వంచుకుని. "నన్ను ఇక్కడే వదిలెయ్యరా అన్నాడు నాతో. నీకు కొండ అని చెప్పాడని తెలిశాక నోరు పెగల్లేదు వదినా. నీళ్ళలో దిగాను. మూత తీయడానికి చేతులు రాలేదు. మళ్ళీ సీట్లో పెడదామనుకున్నాను. పెడితే రేపటితో వాడు పూర్తిగా వెళ్ళిపోతాడు కదా. డబ్బా కనిపించకపోతే ఇంకొక్క రోజు ఉంటాడని..."

బర్నీస్ చేతిసంచీతో అతని భుజం మీద ఒక్కటిచ్చింది.

"మీ అన్న బుద్ధే అంత! ఎవరి దగ్గర వాళ్ళకి నచ్చే మాటే అనేవారు. నువ్వు అడిగితే నేను కాదంటానా, పిచ్చి సన్నాసీ? సగం కొండకి, సగం నదికి. తిరుగుదారిలో మూత నువ్వే తీద్దువుగాని, పక్కన నేనుంటాను." డబ్బాని సన్నటి చేతులతో పొదివి పట్టుకుని, కళ్ళనీళ్ళలోంచే నవ్వింది. "గుడ్డు శాండ్‌విచ్‌ల మధ్య మధ్యాహ్నమంతా! ఆయనకి ఇంతకంటే సుఖం ఏముంటుంది?"

ఫీజుగా అడీలా ఒక శాండ్‌విచ్ మాత్రం తీసుకుంది. హాలిస్‌కి అందులో సగం ఇచ్చింది.

మర్నాడు పొద్దున హాలిస్ బంకు దగ్గరికి వచ్చేసరికి ఆ వ్యాను పంపు పక్కనే ఆగి ఉంది. వాల్ట్ అద్దం దించుకుని, ఎవరో వస్తారన్నట్టు ఎదురుచూస్తున్నాడు.

"దిగండి సార్," అన్నాడు హాలిస్. "నేర్పిస్తాను."

వాల్ట్ బిడియంగా దిగి, పంపు గొట్టాన్ని గాలపు కర్రలా రెండు చేతులతో పట్టుకున్నాడు. వెనక వరుసలో, బెల్టు పెట్టుకున్న డబ్బా పక్కనే కూర్చున్న బర్నీస్ అద్దం దించింది.

"ఎడ్," అంది మెల్లగా. "చూడు, నీ తమ్ముడు బండి దిగాడు."