ఊరందరికీ చెప్పిన మాట

పొద్దున్నే స్టవ్ మీద పాలు పెట్టి టీచరమ్మ ఫోన్ ఎత్తింది. "నమస్కారం, నేను మీ అభ్యర్థిని" అంటూ నాన్న గొంతు వినిపించింది. ఆమెకు నవ్వొచ్చింది. ఆ అభ్యర్థి ఎదురుగానే, కిటికీ దగ్గర నిలబడి గడ్డం గీసుకుంటున్నాడు. రికార్డు చేసిన ప్రచారం సొంతింటిని కూడా వదల్లేదన్నమాట.

"అత్తవారింట్లో నా కూతురు దెబ్బలు తింటుంటే, సర్దుకుపొమ్మన్న తండ్రిని నేను. ఆ రోజే వెళ్లి తెచ్చుకోవాల్సింది. ఇంకే తండ్రీ నాలా ఏడవకూడదు. అందుకే మీ ఓటు..."

ఫోన్లో నాన్న ఏడ్చేశాడు. ఇక్కడ పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది.

ఆమె పుట్టింటికి వచ్చి రెండేళ్లయింది. పెట్టెతో గుమ్మంలో నిలబడ్డ రోజున నాన్న అన్నది ఒక్కటే, గదిలో ఫ్యాను బాగుచేయిస్తానని. తర్వాత ఆ కాపురం ఊసే ఎత్తలేదు. బళ్లో ఆమె, తన భర్తకు వేరే ఊళ్లో ఉద్యోగమని చెప్పుకుంటోంది. ఇప్పుడు హెడ్‌మిస్ట్రెస్ దగ్గర్నుంచి గేటు దగ్గర వాచ్‌మన్ దాకా అందరూ వినే ఉంటారు. ఒళ్లు మండిపోయింది.

భోజనాల బల్ల మీద కరపత్రాల కట్టలు, లాప్‌టాప్ పరుచుకుని అన్నయ్య ప్రచారం నడుపుతున్నాడు. పోలింగ్ దగ్గరపడిందని, నాన్న బాగా వెనకబడ్డారని, రోడ్లూ నీళ్లూ అంటూ గొంతు చించుకున్నా ఎవరూ పట్టించుకోలేదని ఓపిగ్గా వివరించాడు. ఇది విన్న ఆడవాళ్లు ఫోన్ చేసి మరీ ఏడుస్తున్నారట.

"నీ పేరు పెట్టలేదు కదే" అన్నాడు.

"ఆయనకున్నదే ఒక్క కూతురు. ఇంక పేరెందుకు?"

ఓడిపోతే మీ నాన్న తట్టుకోలేరే అని అమ్మ మెల్లగా గొణిగింది. నేను తట్టుకోగలనని మీకెవరు చెప్పారని కూతురు ఎదురడిగింది.

సగం చెంప మీద నురగతో నాన్న వచ్చాడు. అన్నయ్య రాసిచ్చిందే చదివానన్నాడు.

"ఏడుపు కూడా వాడే రాసిచ్చాడా?"

ఆయన తువ్వాలుతో నురగ తుడుచుకున్నాడు. "అది నాదేనమ్మా."

అదే ఆమెను ఇంకా కోసేసింది. నటించి ఉంటే తిట్టిపోసి ఊరుకునేది. నిజంగానే ఏడ్చాడు, మైకు ముందు!

"ఆ ఒక్క మాట కోసం రెండేళ్లు నీ మొహంలోకి చూశాను నాన్నా. ఊరందరికీ చెప్పావు. నాకు చెప్పడానికి నోరు రాలేదా?"

ఆయన కొడుకు వైపు తిరిగాడు. "ఆపెయ్ ఆ ఫోన్లు."

ఆపితే డిపాజిట్ కూడా దక్కదని అన్నయ్య లబోదిబోమన్నాడు.

"ఓడితే ఇంట్లో కూర్చుంటాను. దీంతో గెలిస్తే ఇంట్లో ఏ మొహం పెట్టుకుని కూర్చోను?"

గంటలు గంటలు ఉపన్యాసాలు దంచే మనిషి, కూతురి ఎదుట మాత్రం మాట వెతుక్కున్నాడు. తువ్వాలు చేతుల్లో నలిగిపోయింది.

"కొడుతున్నారని నువ్వు ఫోన్ చేసిన రోజు నేను రావాల్సింది. జనం ఏమంటారోనని రాలేదు. తప్పు చేశాను తల్లీ. ఇవాళ ఇంకో తప్పు చేశాను."

ఆమె కుర్చీలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. కోపం పూర్తిగా పోలేదు. కానీ ఆ మాట ఆమె చెవిన పడింది, ఎవరి ఓటూ అడక్కుండా.

కాసేపటికి మొహం కడుక్కుని బ్యాగు సర్దుకుంది. బళ్లో అందరూ వినే ఉంటారని, ఒక్కదాన్నే ఆ గేటు దాటలేనని అంది.

నాన్న చెప్పులు తొడుక్కున్నాడు. ప్రచారం బండి బయట ఎదురుచూస్తోందని అన్నయ్య గుర్తుచేశాడు.

"ఎదురుచూడనీ. ఈసారైనా దాని వెంట వెళ్తాను."

కూతురి బ్యాగు భుజాన వేసుకుని, సగం గీసిన గడ్డంతోనే, తన పోస్టర్లు అంటించిన వీధిలో ఆమె పక్కన నడిచాడు.