నీలిమట్టి గొంతుక

మిట్టమధ్యాహ్నం... అయినా కారుచీకటి! దిక్కులు పిక్కటిల్లేలా ఉరుములు! కూలిన నూలుమిల్లు గోడ మీద గుడ్లగూబ పట్టపగలే కూస్తోంది.

నిరుడు ఊరిని కాపాడే ఆకాశవీరుడు శత్రువుతో పోరాడుతూ ఆ మిల్లు మీదే నేలకొరిగాడు. అతని నీలిరక్తం ఇంకి నేలంతా విషమైంది. మిల్లులో చనిపోయిన పనివాళ్ళ ఆత్మలు ఆ మట్టిలోనే చిక్కుకున్నాయి. అధికారులు కంచె వేసి చేతులు దులుపుకున్నారు. శవాల మీద పేలాలు ఏరుకునే మాంత్రికుడికి మాత్రం పంట పండింది!

అయినవాళ్ళు పిలిస్తేనే ఆత్మలు లేస్తాయి. లేచిన ప్రతిసారీ వాడి ముఖంలో ఒక ముడత మాయమవుతుంది. ఆ సంగతి తెలియని ఇస్త్రీ ఆవిడ, మిల్లులో పోయిన కూతురి గొంతు వినాలని మళ్ళీ వచ్చింది.

వాడు కపాలంలో నీలిమట్టి నింపాడు. "పిలువు!"

"బంగారం... ఒక్కసారి రావే!"

ఆమె దేహం భీకరంగా కంపించింది. ఆమె నోటి నుంచే కూతురి ఆర్తనాదం వెలువడింది!

"అమ్మా! వీడు నన్ను కొంచెం కొంచెంగా తాగేస్తున్నాడే!"

"అయ్యో! మరి ఎందుకొస్తున్నావే తల్లీ?"

"వెళ్ళొస్తానని చెప్పాగా... నువ్వు పిలిస్తే రాకుండా ఎలా ఉంటాను?"

మాంత్రికుడు వికటాట్టహాసం చేశాడు. "వస్తామని చెప్పి పోయారంతా! ఆ మాటతోనే కట్టేశాను!"

తల్లి గుండె పగిలింది. మిల్లు కూలిన ఆ ఉదయం పిల్ల హడావిడిగా "వెళ్తున్నా" అంది. అలా అనకూడదని గుమ్మంలో ఆపి, "వెళ్ళొస్తా" అనిపించింది తనే!

"ఇంక రావద్దమ్మా! నేను పిలిచినా రావద్దు... వెళ్ళిపో! మీరంతా వెళ్ళిపోండి! ఎవరూ రానక్కర్లేదు!"

"నోర్ముయ్! జన్మలో దాని గొంతు వినలేవు!"

"తెలుసురా!"

కపాలం ఫెళ్ళున పగిలింది! నేలలోని వీరరక్తం నీలిజ్వాలగా లేచి మాంత్రికుణ్ణి చుట్టేసింది. దొంగిలించిన యవ్వనమంతా కరిగి, ముడతలు పడి, ఎముకలై, బూడిదై రాలిపోయాడు!

"వెళ్తున్నానమ్మా..." అంది ఆమె నోట కూతురి గొంతు.

తెల్లని ఎండ వచ్చింది. ఆమె చాలాసేపు కూర్చుంది. చివరికి ఉండబట్టలేక, "బంగారం!" అని ఒక్కసారి పిలిచింది.

కూతురు రాలేదు. చిన్నప్పటి నుంచీ చెప్పిన మాట వినే పిల్ల.