ఎరుపు పడాల్సిన గేటు

శుక్రవారం ఉదయం ఆరున్నరకు భైంసా పత్తి మార్కెట్ వెనుక ముత్యం శవం దొరికింది. ముత్యం పత్తి వ్యాపారి, గూఢచార విభాగానికి ఇన్‌ఫార్మర్. అతని ఫోన్ దొరకలేదు. అందులో నిఖిత నంబరు ఉంది.

నిఖిత డబుల్ ఏజెంట్. బొగ్గు గనుల పేలుడు మందు గోదాం నక్షను విదేశీ ముఠాకు చేరవేస్తున్న ప్రేమ్‌సాగర్ ఆమెను తన మనిషి అనుకుంటున్నాడు. ఆ సాయంత్రం కరీంనగర్‌లోని ఒక ఫంక్షన్ హాల్ ముందు, పెళ్లి బరాత్ రద్దీలో, ఆమె అతని కారెక్కి నక్ష తీసుకోవాలి. ముఠా నియమం ప్రకారం ఆమె దగ్గర ఫోన్ ఉండకూడదు.

ఏజెంట్ అరుణ్‌కు డెకరేషన్ పనివాడి వేషం ఇచ్చారు. గేటుకు ఎల్ఈడీ స్ట్రిప్ అతనే చుట్టాడు. వారం కింద నేర్చుకున్న కోడింగ్‌తో దానికి ప్రోగ్రాం అతనే రాశాడు. ప్రోగ్రాంలో ఫంక్షన్లు రెండు. ఒకటి రంగులను గేటు చుట్టూ తిప్పుతుంది. రెండోది గేటంతా ఎరుపు చేస్తుంది. ఎరుపు పడితే నిఖిత కారెక్కకూడదు. జేబులో రిమోట్ ఉంది. రంగులు ఒక చుట్టు తిరిగాకే ప్రోగ్రాం బటన్‌ను చూస్తుంది. చుట్టుకు ఆరు సెకన్లు.

పెళ్లికూతురి మేనమామ సిద్దిరాములు దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చారు. గేటు లైట్లు ఆయన కానుక.

“తమ్మీ, గింత ఉరుకుడేంది? వీడియోల కండ్లు తిరుగుతున్నయ్. జర ఆస్తగ తిప్పు.”

అరుణ్ ప్రోగ్రాంలో, రంగు ఒక్కో బల్బు దగ్గర ఆగే డిలే విలువను ఇరవై నుంచి రెండు వందలు చేశాడు. చేర్చింది ఒక సున్నా.

7.40కి ఇయర్‌పీస్‌లో కంట్రోల్ రూం అధికారి జ్యోతిరాణి మాట వినిపించింది. “నిర్మల్ బొమ్మ రంగు వెలిసింది.” నిఖిత సంగతి ముఠాకు తెలిసిపోయిందని అర్థం. వాళ్లు ముత్యం ఫోన్ తెరిచారు. కారులో తుపాకీ ఉంది.

పట్టుచీరలో నిఖిత గేటు దాటి కారు వైపు నడుస్తోంది. అరుణ్ బటన్ నొక్కి పట్టుకున్నాడు. గేటు మీద నీలం మెల్లగా పాకుతోంది.

“ఎరుపేది?” జ్యోతిరాణి అడిగారు.

“ఒక చుట్టు తిరిగినంకనే పడ్తది మేడం.”

“ఎంతసేపు?”

“నిమిషం.”

“నీకు నిమిషం ఎవలిచ్చిండ్రు?”

“పెండ్లిపిల్ల మేనమామ.”

కేక వేస్తే, ఇంజిన్ ఆపని ఆ కారు నక్షతో సహా వెళ్లిపోతుంది. అరుణ్ ప్లగ్ పీకాడు. గేటు చీకటైంది. చీకటికి వాళ్ల సంకేతాల్లో అర్థం లేదు. నిఖిత నడుస్తూనే ఉంది. అతను ప్లగ్ మళ్లీ పెట్టాడు.

పవర్ రాగానే ప్రోగ్రాం మొదటి నుంచి మొదలవుతుంది. మొదటి లైను టెస్టింగ్ కోసం రాసింది: అన్ని బల్బులు ఎరుపు, పది సెకన్లు. దాన్ని తీసేయమని జ్యోతిరాణి రెండుసార్లు చెప్పారు. అరుణ్ తీయలేదు.

గేటు ఎర్రబడింది. ఆ వెలుగు కారు అద్దం మీద పడింది. తలుపు మీద చెయ్యి వేసిన నిఖిత వెనక్కి తిరిగి ఆడవాళ్ల గుంపులో కలిసింది. ఆమె కోసం ప్రేమ్‌సాగర్ కారు దిగాడు. బ్యాండు మేళం యూనిఫాంలో ఉన్న నలుగురు కానిస్టేబుళ్లు అతన్ని పట్టుకున్నారు. సీటు కింద నక్ష, తుపాకీ దొరికాయి.

పెళ్లికొడుకు దాటుతుండగా గేటు ఆరిన ముక్క వీడియోలో పనికిరాలేదు. సిద్దిరాములు పెళ్లికొడుకును వెనక్కి నడిపించి, మరోసారి గేటు దాటించారు.